పశువుల పాకలో కరెంటు: మూడవ తీగ సంగతి
(పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము సంఘాలకు వచ్చినప్పుడు లెక్కల పుస్తకాలు, వెన్న శాతం, బకాయిల గురించి మాట్లాడుతాము. ఈ రోజు మీ పాకలోని కరెంటు తీగను గురించి మనవి చేస్తాము. కారణం ఉన్నది.

ఒక గ్రామంలో తనిఖీ ముగించుకొని ఒక సభ్యురాలి ఇంట మజ్జిగ తాగాము. పాకలో బల్బు తీగ ఇనుప గుంజకు చుట్టి ఉన్నది. చూశాము, ఏమీ అనలేదు. తొలకరి వానకు, తీగ తొడుగు చిట్లిన చోట గుంజకు కరెంటు పాకింది. గొలుసుతో కట్టిన చూడి గేదె పడిపోయింది. పరుగెత్తి పట్టుకోబోయిన ఆమెను పక్కింటివారు కేక వేసి ఆపి, మెయిన్ స్విచ్ తీయబట్టి మనిషి దక్కింది. గేదె దక్కలేదు. ఆనాడు ఒక్క మాట చెప్పలేదే అని మాకు నేటికీ బాధ.

పశువుకు ప్రమాదం ఎక్కువ. దాని గిట్టలు ఎప్పుడూ తడి నేల మీదనే. ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు దూరం ఎక్కువ కనుక, నేలలో పాకిన కరెంటు ఒంటిగుండా, గుండె మీదుగా పోతుంది.

"ఫ్యూజు ఉన్నది కదా" అంటారు. ఫ్యూజు కాపాడేది తీగలను, మనిషిని కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు కాలాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. ప్రాణం పోవడానికి ఒక ఆంపియరులో పదవ వంతు చాలు.

కాపాడేది మూడవ తీగ, అంటే ఎర్తు. ప్లగ్గులో లావుగా, పొడుగుగా ఉండే పిన్ను దానిదే. మోటారుకో, హీటరుకో కరెంటు పాకితే అది ఈ తీగగుండా భూమిలోకి పోతుంది. బోర్డులో రెండే రంధ్రాలున్నవని ఆ పిన్ను విరిచేవారున్నారు. అది ప్రాణానికున్న అడ్డు విరుచుకోవడమే.

కనుక ఈ పనులు చేయండి:

1. గడ్డి కోసే యంత్రానికి, నీళ్ల మోటారుకు, ఇనుప గుంజలకు ఎర్తు వేయించండి. వేసవిలో ఎర్తు గుంతలో నీరు పోయండి. ఎర్తుకు బదులు న్యూట్రల్ తీగ కలపరాదు.

2. మెయిన్ వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు కారితే రెప్పపాటులో ఆపుతుంది. నెలకొకసారి దాని టెస్టు మీట నొక్కి చూడండి.

3. కుడితికి నీళ్లు కాచే హీటరు రాడ్డును, స్విచ్ ఆపి ప్లగ్గు తీసిన తరువాతనే ముట్టుకోండి.

4. అతుకుల తీగను గుంజకు చుట్టకండి. ఇనుప తీగ దండెం కరెంటు తీగ దగ్గర కట్టకండి.

5. పశువు గాని, మనిషి గాని పడిపోతే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. బయట లైను తెగిపడితే దగ్గరకు పోక 1912కు ఫోను చేయండి.

పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న సామానుతోనే చేయించండి. అయ్యే ఖర్చు ఒక గేదె ధరలో చిన్న భాగం. మనిషి ప్రాణానికి ధరే లేదు.

ముందు మన సంఘం గదిలోనే మొదలుపెడదాము. ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు, పాలు పరీక్షించే యంత్రం ప్లగ్గుకు మూడవ పిన్ను ఉన్నదా లేదా చూసిన తరువాతనే మేము రిజిస్టరు తెరుస్తాము.

సెలవు.