నరమునకు మత్తు



మన దేవరకొండ సీమలో ఆపరేషను అనగానే వృద్ధులు కత్తికంటె మత్తునకే యెక్కువ జడియుదురు. ఈ భయము క్రొత్తది గాదు. క్లోరోఫారమువలన ప్రాణాపాయ మెట్లు గలుగునో పరీక్షించుటకు 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున, నిజాము ప్రభుత్వ పోషణమున, డాక్టరు ఎడ్వర్డు లారీ పూనికతో రెండు కమీషనులు పనిచేసెను.

అయితే దేహము నంతటిని నిద్రబుచ్చ నేల? 1884లో కార్ల్ కొల్లర్ కొకెయిను చుక్కలతో కంటిని మాత్రము తిమ్మిరి పరచవచ్చునని చూపెను. నేడు వైద్యులు అల్ట్రాసౌండు తెరపై నరమును చూచుచు దాని చెంత మందు నింపుదురు. మనము రక్తనాళమును, జ్ఞానతంతువును గూడ నరమనియే యందుము. ఇచ్చట రెండవదియే గ్రాహ్యము. మందు పనిచేయునంతసేపు నొప్పి మెదడునకు జేరదు.

ఇది మనకు విశేషముగా నుపకరించును. ఫ్లోరైడు నీరు చిరకాలము త్రాగినందున నల్లగొండ ప్రాంతమున పలువురి వెన్ను కొయ్యబారినది. అట్టివారి నడుమున మత్తుసూది దూరుట కష్టము. చేయి విరిగినచో మెడప్రక్కనో, చంకలోనో మందిచ్చి, మెలకువతోనే ఆపరేషను చేయవచ్చును. తుంటి విరిగినచో తొడనరము చెంత నిచ్చు మందు ఆపరేషనునకు ముందును, పిదపను బాధను తగ్గించును.

కావున వెన్ను బిగిసిన సంగతియు, రక్తమును పలుచజేయు మందుల సంగతియు మత్తు డాక్టరునకు ముందే తెలుపుడు. తిమ్మిరి వీడువరకు రోగిని ఒంటరిగా నడువనీయకుడు; తిమ్మిరి పట్టిన చేతిని నిప్పు చెంత నుంచనీయకుడు. నొప్పి నోర్చుట ధైర్యమే. నివారింపదగిన నొప్పిని వృద్ధులచే నోర్పించుట మాత్రము ధర్మము గాదు.