ఐదో మెట్టు



క్రికెట్ గురించి మాట్లాడమంటే మనలో ఎవరైనా గంటసేపు మాట్లాడగలరు. నేను మాత్రం ఫుట్‌బాల్ గురించి, అందులోనూ టీవీలో అంతగా కనిపించని ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలు చెబుతాను. జర్మనీ నైరుతి మూల బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ‘ఓబర్‌లిగా’ అనే పోటీ ఉంది. పేరుకు అర్థం ‘పై లీగ్’. నిజానికి అది ఐదో మెట్టు.

1952లో మూడు రాష్ట్రాలు కలిసి ఆ రాష్ట్రం ఏర్పడింది. ఫుట్‌బాల్ సంఘాలు మాత్రం కలవలేదు. బాడెన్, దక్షిణ బాడెన్, వుర్టెంబెర్గ్ అని ఈనాటికీ మూడున్నాయి. మన సంఘాల సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు! 1978 వరకు నాలుగు అమెచ్యూర్ లీగ్‌లు విడివిడిగా నడిచాయి. ఆ ఏడు వాటిపైన అందరికీ కలిపి ఒకే ఓబర్‌లిగా పెట్టుకున్నారు. ఎవరి సంఘం వారిదే, పైమెట్టు మాత్రం అందరిదీ.

అప్పుడది మూడో మెట్టు. 1994లో రెగియోనాల్‌లిగా వచ్చి పైన కూర్చుంది, ఇది నాలుగోదైంది. 2008లో దేశమంతటికీ కొత్తగా మూడో లీగ్ పెట్టారు, ఇది ఐదోదైంది. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా రెండుసార్లు మెట్టు దిగిన లీగ్ ఇది. ఆఫీసులో రీఆర్గనైజేషన్ అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అయినా ఆ మెట్టు మీదుగా ఎక్కినవాళ్లున్నారు, జారినవాళ్లున్నారు. హోఫెన్‌హైమ్ ఒక పల్లె. ఎస్.ఏ.పి. స్థాపకుల్లో ఒకరైన డీట్మార్ హోప్ చిన్నప్పుడు ఆడిన జట్టు అక్కడిది. ఆయన అండతో 2001లో ఓబర్‌లిగా దాటి, 2008లో బుండెస్‌లిగా చేరింది. ఉల్మ్ జట్టు 1999లో బుండెస్‌లిగాకు ఎక్కి, 2001లో దివాలా తీసి ఓబర్‌లిగాకన్నా కిందికి పడింది. 2024లో మళ్లీ రెండో బుండెస్‌లిగాకు ఎక్కి, మరుసటి ఏడే దిగింది.

నాకు నచ్చినది హైడెన్‌హైమ్ కథ. 2007లో అది ఓబర్‌లిగాలో ఉండగా, అదే జట్టులో ఆడి మానేసిన ఊరివాడు ఫ్రాంక్ ష్మిట్ కోచ్ అయ్యాడు. ఆయనతోనే మెట్టు మెట్టూ ఎక్కారు. 2023 మే 28న రెగెన్స్‌బుర్గ్‌లో చివరి మ్యాచ్. తొంభై నిమిషాలు దాటినా 1-2తో వెనకబడే ఉన్నారు. 93వ నిమిషంలో ఒక గోల్, 99వ నిమిషంలో మరొకటి. బుండెస్‌లిగా!

ఈ మెట్లన్నిటి కింద చిన్న చిన్న క్లబ్బులున్నాయి. మావాడు ఏడేళ్లప్పుడు మా ఊరి క్లబ్బులో చేరాడు. వాడు ఆడుతుంటే నేను కారులో కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకునేవాణ్ణి. ఒకరోజు అడిగాడు: “నాన్నా, అందరి నాన్నలూ గ్రౌండ్‌లో ఉంటారు. నువ్వెందుకు కారులోనే ఉంటావు?” నా దగ్గర జవాబు లేదు.

మరుసటి శనివారం దిగాను. కేకులు అమ్మే బల్ల దగ్గర నిలబెట్టారు. అన్నేళ్లుగా రాని జర్మన్ ఆ బల్ల దగ్గర వచ్చింది. ఎదురింటాయన పేరు కూడా అక్కడే తెలిసింది. గీతలు గీసేవారు, జెర్సీలు ఉతికేవారు, పిల్లలను ఊరూరా తిప్పేవారు, అందరూ జీతం లేనివారే.

జర్మనీలో సంఘం రిజిస్టర్ చేయడానికి ఏడుగురు చాలు. పెట్టడం ఏడుగురి పని. నిలబెట్టడం ప్రతి శనివారం వచ్చేవారి పని. మన మహాసభలు రెండేళ్లకోసారి. మీ ఊరి క్లబ్బు వారం వారం. మన భాషకు, మన సంఘానికి చేసే సేవ మానమనడం లేదు. మీ పిల్లలు ఆడే క్లబ్బులో కూడా ఒక్క పని, ఎంత చిన్నదైనా సరే, మీ చేతిలోకి తీసుకోండి. ఈ దేశంలో మనం ఎక్కవలసిన మొదటి మెట్టు అక్కడే ఉంది.

ముందు కారు దిగండి. సెలవు.