భుజం కీలు మార్పిడి – నొప్పికి వేసే మత్తు సూదులు: షరా కాలం కూడా చదవాలి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశం సందర్భంగా జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య సదస్సులో డాక్టర్లు మాట్లాడాలి గాని, ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాకు ఇక్కడేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు అడిగినప్పుడు నేనూ అదే మాట అన్నాను. "వైద్యం చెయ్యమనడం లేదండీ, మీ ఇంట్లో జరిగిన దాన్నిబట్టి మీరు తెలుసుకున్నది నలుగురికీ చెప్పండి" అన్నారాయన. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ పదిహేను నిమిషాలు భుజం గురించి మాట్లాడతాను.

మనం ఆఫీసులో కొటేషన్లు పిలిచినప్పుడు కంపారెటివ్ స్టేట్‌మెంటు తయారు చేసేవాళ్ళం. ఎవరి ధర ఎంత, ఎన్నాళ్ళలో సరఫరా, అన్నీ వరుసగా రాసి, చివర 'షరా' అని ఒక కాలం వదిలేవాళ్ళం. తక్కువ ధర చూసి సంతకం పెట్టబోయే అధికారి చెయ్యి చాలాసార్లు ఆ షరా దగ్గరే ఆగేది. భుజం ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా వేసే సూదుల సంగతి కూడా అంతే. అన్నిటికంటే బాగా నొప్పి తగ్గించే సూది ఒకటుంది. దాని షరా కాలంలో ఏముందో మన వయసువాళ్ళం తప్పకుండా చదవాలి.

ముందు ఆపరేషన్ గురించి రెండు ముక్కలు. మోకాలి చిప్పల మార్పిడి మనకు అలవాటైన మాట. భుజం కీలు కూడా మారుస్తారని చాలామందికి తెలియదు. ఇది కొత్తది కాదు. 1893లో పారిస్‌లో పియాన్ అనే సర్జన్ ప్లాటినం, రబ్బరుతో చేసిన భుజం కీలు అమర్చాడు. 1950లలో అమెరికాలో చార్లెస్ నీర్ దానికి ఆధునిక రూపం ఇచ్చాడు. 1985లో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోంట్ బంతి ఉండాల్సిన చోట గిన్నె, గిన్నె ఉండాల్సిన చోట బంతి పెట్టి తిరగేసిన కీలు తయారు చేశాడు. భుజం కండరాల పట్టీలు చిరిగిపోయిన ముసలివాళ్ళకు, పడిపోయి భుజం ఎముక ముక్కలైనవాళ్ళకు ఇప్పుడు ఎక్కువగా అమర్చేది ఈ తిరగేసిన కీలే. స్నానాల గదిలో కాలు జారితే చెయ్యి ఆనించి పడతాం. మన వయసులో ఎముక గుల్లబారి ఉంటుంది. కాబట్టి ఇది ఎవరికైనా రావచ్చు.

ఆపరేషన్‌కు ఒళ్ళంతా మత్తు ఇస్తారు. మెలకువ వచ్చాక ఉండే నొప్పి సంగతే అసలు సమస్య. మొదటి రెండు రోజులు అది గట్టిగా ఉంటుంది. ఒక్క మందుబిళ్ళలతో ఆపాలంటే మార్ఫిన్ జాతి మందులు ఎక్కువగా వాడాలి. వాటితో వాంతులు, మలబద్ధకం, తల తిరగడం, మన వయసువాళ్ళకు మతి తడబడటం ఉంటాయి. అందుకని భుజం నుంచి నొప్పి మోసుకుపోయే నరం చుట్టూ మందు వేసి ఆ కబురు మెదడుకు చేరకుండా ఆపుతారు. దీన్నే నరం బ్లాక్ అంటారు.

చేతికి, భుజానికి పోయే నరాలు మెడలోని వెన్నుపూసల మధ్య నుంచి వచ్చి, మెడ పక్కన రెండు కండరాల నడుమ సందులోంచి కిందికి దిగుతాయి. ఆ సందులో మందు వేయడమే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్. ఏలాన్ విన్నీ అనే అమెరికా డాక్టరు 1970లో ఈ పద్ధతిని వివరించాడు. అప్పట్లో వేలితో తడిమి సూది వేసేవారు. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెరమీద నరాన్ని చూస్తూ వేస్తున్నారు. భుజం నొప్పికి దీన్ని మించినది లేదనే చెప్పాలి. ఒక్కసారి వేసిన మందు సుమారు 12 నుంచి 18 గంటలు పనిచేస్తుంది. చెయ్యి చాలావరకు మొద్దుబారుతుంది.

ఇక దాని షరా. మనం ఊపిరి పీల్చడానికి పనిచేసే ముఖ్యమైన కండరం డయాఫ్రమ్. రొమ్ముకు, పొట్టకు మధ్య గొడుగులా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఆడించే ఫ్రెనిక్ నరం, ఈ సూది వేసే చోటికి పక్కనే పోతుంది. ఇరవై మిల్లీలీటర్లు, అంతకు మించి మందు వేసే పాత పద్ధతిలో ఆ పక్క డయాఫ్రమ్ దాదాపు అందరిలోనూ కొన్ని గంటలపాటు పని మానేస్తుందని 1991లోనే గమనించారు. ఊపిరి పట్టే శక్తి నాలుగో వంతు దాకా తగ్గిపోతుంది. ఊపిరితిత్తులు బాగున్నవారికి ఇది తెలియను కూడా తెలియదు, రెండో పక్క డయాఫ్రమ్ సరిపెడుతుంది. ఉబ్బసం ముదిరినవారికి, ఏళ్ళ తరబడి చుట్టో సిగరెట్టో కాల్చి ఊపిరితిత్తులు పాడైనవారికి, బాగా స్థూలకాయులకు ఆ నాలుగో వంతే ప్రాణం మీదికి తేవచ్చు. మందు అయిదు మిల్లీలీటర్లకు తగ్గిస్తే ఈ ఇబ్బంది సగానికి పైగా తగ్గినట్టు 2008లో వచ్చిన ఒక పరిశీలన చూపింది. తగ్గింది గాని పోలేదు.

మా బావగారికి కిందటేడు ఈ సూదే వేశారు. పొద్దున పదింటికి ఆపరేషన్. సాయంత్రం మేం వెళ్ళేసరికి దిండుకు ఆనుకుని కబుర్లు చెబుతున్నారు. ఆ పక్క కనురెప్ప వాలిపోయి ఉంది, గొంతు బొంగురుపోయింది. మా అక్కయ్య పక్షవాతమేమోనని ఏడుపు మొదలుపెట్టింది. మందు పక్క నరాలకు పాకడంవల్ల అలా అవుతుందని, మత్తు దిగితే అదే సర్దుకుంటుందని నర్సమ్మ చెప్పాక గాని స్థిమితపడలేదు. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంటే ఆ కన్నీళ్ళు ఉండేవి కావు. రాత్రి ఇచ్చిన మాత్రలు "నొప్పే లేదు, మాత్ర ఎందుకు?" అని బావగారు పక్కన పెట్టేశారు. రెండున్నరకు మత్తు ఒక్కసారిగా దిగింది. ఆ తర్వాత తెల్లవారేదాకా ఆయన పడిన బాధ చెప్పలేను. దీన్ని డాక్టర్లు తిరగబెట్టే నొప్పి అంటారు. మత్తు దిగకముందే మాత్రలు వేసుకోవాలని, అందులోనూ రాత్రి పడుకునేముందు మానకూడదని ఆయనకు గట్టిగా చెప్పినవారు లేరు.

ఈ లోటు తీర్చడానికి రెండు దారులున్నాయి. సూదితో పాటు డెక్సామెథసోన్ అనే మందు కలిపితేనో, రక్తనాళం ద్వారా ఇస్తేనో మత్తు మరికొన్ని గంటలు సాగుతుంది. దీనితో చక్కెర పెరుగుతుంది కాబట్టి షుగరు ఉన్నవారు ముందే చెప్పాలి. రెండోది, నరం పక్కన సన్నని గొట్టం వదిలి, చిన్న పంపు ద్వారా రెండు మూడు రోజులు మందు పోనివ్వడం. సరిగా నిలిస్తే సుఖం ఎక్కువ. గొట్టం జారిపోవడం, మందు కారిపోవడం దీని షరా. చూసుకునే మనుషులు కావాలి, ఖర్చూ పెరుగుతుంది. గొట్టమున్నంతకాలం డయాఫ్రమ్ చిక్కు కూడా కొంత కొనసాగవచ్చు.

ఇక రెండో కేసు మా ఇంట్లోదే. మా ఇంటావిడకు ఇరవయ్యేళ్ళుగా ఉబ్బసం. ఈ వేసవిలో పెరటి మెట్ల మీద జారి కుడి భుజం ముక్కలు చేసుకుంది. సర్జన్‌గారు తిరగేసిన కీలు వేద్దామన్నారు. మర్నాడు మత్తు డాక్టరమ్మ వచ్చింది. మా మనవరాలి వయసుంటుందేమో. "మామ్మగారూ, ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? ఇన్‌హేలరు రోజుకెన్నిసార్లు? రాత్రి వెల్లకిలా పడుకోగలరా?" అని అడిగింది. గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం చూసింది. అప్పుడు నాతో అంది: "తాతగారూ, మెడ దగ్గర వేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. ఆవిడ ఊపిరికి ఆ బరువు పెట్టడం నాకిష్టం లేదు. భుజం వెనక ఒకటి, చంక వైపు నరానికి ఒకటి, రెండు సూదులు వేస్తాను. లేవగానే కొంచెం నొప్పి ఉంటుంది, దానికి మందిస్తాం."

దీనినే సుప్రాస్కాపులర్, ఆక్సిలరీ బ్లాకులు అంటారు. భుజం కీలు స్పర్శలో ఎక్కువ భాగం సుప్రాస్కాపులర్ నరానిదే, దాదాపు డెబ్బై శాతమని చెబుతారు. మిగతాదాంట్లో చాలా భాగం ఆక్సిలరీది. సూది మెడకు దూరంగా పడుతుంది కాబట్టి ఊపిరికి ఇబ్బంది చాలా తక్కువ. వేళ్ళు కదులుతూనే ఉంటాయి. ఆపరేషన్ అయిన మొదటి గంటల్లో మాత్రం మెడ సూదంత పూర్తిగా నొప్పి ఆపదు. మా ఆవిడ విషయంలో అక్షరాలా అలాగే జరిగింది. మెలకువ రాగానే మూలిగింది, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. గంట తర్వాత "ఏమండీ, కాఫీ ఇస్తారా వీళ్ళు?" అని అడిగింది. ఆయాసం రాలేదు. ఆ రాత్రి నేను ఆవిడ ఛాతీ కదలికనే చూస్తూ కూర్చున్నాను. ఊపిరి సమంగా ఆడింది.

ఈ రెండిటికీ మధ్యగా సుపీరియర్ ట్రంక్ బ్లాక్ అని మరొకటి వచ్చింది. మెడ నరాలు రెండు కలిసి ఒకటయ్యే చోట, ఇంకాస్త కిందికి మందు వేస్తారు. నొప్పి తగ్గడం మెడ సూదికి దాదాపు సమానం, డయాఫ్రమ్ పూర్తిగా పడిపోవడం బాగా తక్కువ. పూర్తిగా లేదని కాదు, చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. ఇక సర్జనే కీలు చుట్టూ మందు చల్లే పద్ధతి ఉంది. ఊపిరికి చిక్కు లేదు గాని మొదటి గంటల్లో బ్లాకంత బలం లేదు. నెమ్మదిగా విడుదలయ్యే లైపోసోమల్ బుపివకైన్‌ను మెడ దగ్గర వేయడానికి అమెరికా 2018లో అనుమతించింది. ధర ఎక్కువ, ఆ ధరకు తగ్గ లాభం ఉందా అన్నదాని మీద డాక్టర్లలోనే వాదాలున్నాయి.

అన్ని పద్ధతులకూ కలిపి ఒక షరా. నరానికి ఎక్కువకాలం నిలిచే దెబ్బ అరుదు, అయినా లేదనలేం. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. మొద్దుబారిన చెయ్యి కాలినా నలిగినా తెలియదు కాబట్టి జోలె తియ్యకూడదు, వేడి కాపడం పెట్టకూడదు.

కాబట్టి మిత్రులారా, ఏది మంచిది అని నన్నడిగితే, ఊపిరి బాగున్నవారికి మెడ సూది, ఊపిరి బరువుగా ఉన్నవారికి దూరపు సూదులు అని స్థూలంగా చెప్పగలను. తేల్చవలసింది మత్తు డాక్టరుగారే. మనం సర్జన్ పేరు పదిమందిని అడిగి కనుక్కుంటాం, మత్తు డాక్టరు పేరు కూడా అడగం. ఆపరేషన్ ముందురోజు ఆయన్ను చూడాలని పట్టుబట్టండి. నాలుగు ప్రశ్నలు చీటీ మీద రాసుకుని వెళ్ళండి: ఏ సూది వేస్తారు? నా ఊపిరికి అది సరిపడుతుందా? మత్తు సుమారు ఏ వేళకు దిగుతుంది? దిగేలోపు ఏ మాత్ర, ఎన్నింటికి వేసుకోవాలి? మూత్రపిండాల జబ్బుంటే కొన్ని నొప్పి మాత్రలు పనికిరావు, అది కూడా చెప్పండి. ఆస్తమా, గురక, పాత సిగరెట్లు, ఏదీ మొహమాటపడి దాచవద్దు. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ లేకపోతే పెన్షను ఎలా ఆగుతుందో మనకు తెలుసు. కేసు షీటులో ఉబ్బసం ఎంట్రీ లేకపోతే ఆగేది పెన్షను కాదు.