ఉన్నత పాఠశాలల్లో వృత్తివిద్య: నాడు, నేడు



డెబ్బయి ఐదేండ్ల పండుగ జరుపుకొనే పాఠశాలలో వృత్తివిద్య నడిచివచ్చిన దారిని తలచుకోవడం సముచితం. 1937లో గాంధీజీ వార్ధాలో ప్రతిపాదించిన మౌలిక విద్యలో చేతిపనియే బోధనకు కేంద్రం. నూలు వడకుతూ, దాని పొడవును కొలుస్తూ బాలలు లెక్కలు నేర్వవలెనన్నది ఆ పద్ధతి.

1953లో మద్రాసు రాష్ట్రాన రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బడివేళలు తగ్గించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటివృత్తి నేర్వవలెనన్నది. కుమ్మరి బిడ్డ సారె వద్దనే, సాలె బిడ్డ మగ్గం వద్దనే నిలిచిపోవలెనా అని ప్రజలు నిలదీశారు. 1954లో కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దుచేసింది. పుట్టుకను బట్టి వృత్తిని నిర్ణయించడమే ఆ నిరసనకు మూలం.

లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘం వేరొక మార్గం చూపింది. సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, గృహవిజ్ఞానం మొదలైనవి ఒకే పాఠశాలలో ఉండాలనీ, అభిరుచిని బట్టి విద్యార్థి ఎన్నుకోవాలనీ సూచించింది. 1964-66 నాటి కొఠారీ సంఘం వృత్తివిద్యకు మరింత ప్రాముఖ్యమిచ్చింది. 1978లో తమిళనాట ప్లస్ టూ చదువు ఆరంభమైనప్పుడు అందులో వృత్తివిద్యా విభాగాలు కూడా చేరాయి.

1995 నాటికి ప్లస్ టూ విద్యార్థులలో 25 శాతం మందిని ఈ శాఖకు మళ్లించాలని 1986 నాటి జాతీయ విద్యావిధానం ఆశించింది. ఆ ఆశ ఫలించలేదు. ఈ శాఖలో చదివినవారికి పైచదువుల ద్వారం సులువుగా తెరుచుకోకపోవడం ఇందుకొక ముఖ్య కారణం. ఇది మార్కులు రానివారి చదువన్న చిన్నచూపు మరొకటి. 2020 నాటి జాతీయ విధానం ఈ లోపాలను గుర్తించి, ఆరవ తరగతి నుండే చేతిపనుల పరిచయాన్ని, పుస్తకాల సంచి లేని పది దినాలను సూచించింది.

ఈ చరిత్ర తల్లిదండ్రులకు ఒక కర్తవ్యాన్ని బోధిస్తున్నది. వృత్తివిద్యను కోరిన బిడ్డను చులకన చేయరాదు. చేర్చే ముందు ఆ చదువు తరువాత ఏ కళాశాలకు దారి ఉన్నదో విచారించాలి. ఉపాధ్యాయులకూ ఒక బాధ్యత ఉన్నది. ఉలి, బాడిస, చిత్రిక, రంపం వంటి మాటలు పనితోపాటే పిల్లల నాలుకపై నిలుస్తాయి. పొరుగు రాష్ట్రంలోని తెలుగు బడికి అవి భాషాసంపద కూడా.

పనిలో నేర్పు, పైచదువుకు అవకాశం రెండూ ప్రతి బిడ్డకూ దక్కాలని ఈ శుభవేళ ఆకాంక్షిద్దాం.