అమెరికా యుద్ధానికి మన మొగిలి కనుమ ఏమవుతుంది?

ఈ రోజు ఒక ఓడతో మొదలుపెడతా.

1782 ఏప్రిల్ 8. అమెరికాలో డెలావేర్ బే అని ఒక చోటు ఉంది, ఫిలడెల్ఫియాకి పోయే ఓడలన్నీ ఆ నీళ్లలో నుంచే పోవాలి. అక్కడ పెన్సిల్వేనియా వాళ్ల చిన్న ఓడ ఒకటి, తనకంటే బలమైన బ్రిటిష్ యుద్ధనౌక 'జనరల్ మంక్'ని అరగంటలో లొంగదీసుకుంది. కెప్టెన్ పేరు జాషువా బార్నీ. ఇంతవరకూ మనకేం సంబంధం లేదు కదా. ఆ గెలిచిన ఓడ పేరేందో తెలుసా? 'హైదర్ అల్లీ'. అవును, మైసూరు హైదర్ అలీనే. ఇంగ్లిష్ వాళ్లతో కొట్లాడుతున్న అమెరికన్లకి, ఎక్కడో ఆసియాలో అదే ఇంగ్లిష్ వాళ్లని ముప్పుతిప్పలు పెడుతున్న మనిషి పేరు అంత ముద్దొచ్చింది మరి. ఆ పేరుగల మనిషి అదే సంవత్సరం డిసెంబర్‌లో మన చిత్తూరు దగ్గర, దండు గుడారంలో చనిపోయాడు. ఆ కథ ఈ రోజు మనది.

మీలో ఫోన్లో వార్ గేములు ఆడేవాళ్లు ఉంటారు. లేని దేశాలు పెట్టి, లేని ప్రపంచ యుద్ధాలు కల్పించి మ్యాపులు గీసేవాళ్లూ ఉంటారు. వాళ్లకి 'సెకండరీ థియేటర్' అనే మాట బాగా తెలుసు. అసలు యుద్ధం ఒకచోట జరుగుతుంటుంది, దాని కోసమే ఇంకోచోట ఇంకో కొట్లాట పెట్టుకుంటారు. శత్రువు బలగం అక్కడ ఇరుక్కుపోతే ఇక్కడ మనకి సులువని. అది పక్క రంగస్థలం. అలాంటి కల్పిత యుద్ధంలో ఎవరైనా 'మదనపల్లె ఫ్రంట్', 'కుప్పం ఫ్రంట్' అని పెడితే మనం నవ్వుతాం. టమాటా మార్కెట్ ముట్టడి అని మీమ్ వేస్తాం. కానీ అబ్బా, ఇది కల్పన కాదు. ఒక నిజమైన ప్రపంచ యుద్ధానికి మన పక్క సీమ సెకండరీ థియేటర్ అయింది. ఆ యుద్ధం పేరు అమెరికా స్వాతంత్ర్య యుద్ధం.

ఎట్లా అంటారా? 1775లో అమెరికాలో మొదలైంది. 1778లో ఫ్రాన్స్ అమెరికన్ల వైపు దిగింది. ఫ్రాన్స్, బ్రిటన్ రెంటికీ ఇండియాలో కోటలున్నాయి, ఓడరేవులున్నాయి. కాబట్టి యుద్ధం ఇక్కడికీ వచ్చింది. ఇంగ్లిష్ కంపెనీ వాళ్లు 1778లో పాండిచ్చేరి పట్టుకున్నారు, 1779 మార్చిలో కేరళ తీరంలో ఉన్న మాహే పట్టుకున్నారు. ఇక్కడే తేడా వచ్చింది. మాహే మీదుగానే హైదర్‌కి తుపాకులు, మందుగుండు వచ్చేవి. అది నా రక్షణలో ఉంది, ముట్టొద్దు అన్నాడు. ముట్టుకున్నారు. దానికి ముందే ఒక పాత బాకీ ఉంది. 1769లో ఒకరికి కష్టమొస్తే ఇంకొకరు ఆదుకుందామని మద్రాసులో ఒప్పందం రాసుకున్నారు. ఆ తర్వాత మరాఠాలు మైసూరు మీద పడితే కంపెనీ వాళ్లు కదల్లేదు. మాట తప్పిన మనిషి మీద మన పక్క కోపం ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

1780 జులైలో హైదర్ 80 వేలకు పైగా సైన్యంతో కనుమలు దిగాడు. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ దండుని తుడిచిపెట్టాడు. శ్రీరంగపట్నం పోతే దరియా దౌలత్ గోడ మీద ఆ యుద్ధం బొమ్మ ఇప్పటికీ ఉంది, సెల్ఫీ దిగి వచ్చేయకుండా కాసేపు నిలబడి చూడండి.

ఇప్పుడు మ్యాప్ తెరవండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడూ పైన ఉంటాయి. మైసూరు పీఠభూమి అంచు అది. చిత్తూరు, వేలూరు, ఆంబూరు కింద ఉంటాయి. చిత్తూరు నుంచి పలమనేరు బస్సెక్కితే చెవులు మూసుకున్నట్టయ్యే చోటు ఉంది చూడండి, అదే మొగిలి కనుమ. పుంగనూరు పక్కనుంచి దిగడానికి కల్లూరు కనుమ, అది దామలచెరువు వైపు పోతుంది. కుప్పం పక్కనుంచి ఆంబూరు వైపు దిగడానికి నాయకనేరి కనుమ. ఆ రోజుల్లో కన్నడ సీమ నుంచి ఆర్కాటు సీమలోకి తలుపులంటే ఇవే. ఈ తలుపు ఎవరి చేతిలో ఉంటే కింది సీమ వాళ్ల దయ మీద ఉన్నట్టే. 1740లో మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపింది కూడా దామలచెరువు కనుమలోనే.

మనవాళ్లకి అప్పుడు ఒక దేశం అని లేదు. పడమట మైసూరు, తూర్పున ఆర్కాటు నవాబు, ఉత్తరాన కడప, దాని వెనక నిజాం, ఎప్పుడొస్తారో తెలియని మరాఠాలు. నడుమ పుంగనూరు, కంగుంది లాంటి పాలెగాళ్లు. కుప్పం కంగుంది జమీనులోదే. మదనపల్లె పక్క సీమకి పెద్దదిక్కు గుర్రంకొండ కోట, మదనపల్లెకి సుమారు 30 కిలోమీటర్లు. పాలెగాడు ఈ ఏడాది ఒకరికి కప్పం కడతాడు, వచ్చే ఏడాది ఇంకొకరొచ్చి నాకెందుకు కట్టలేదని అడుగుతాడు. ద్రోహం, విశ్వాసం అని పెద్ద మాటలు వాడే ముందు ఆ మనిషి వాకిట్లో రెండు దండ్లు నిలబడి ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి అంటాను నేను.

దండు అంటే సిపాయిలు మాత్రమే కాదు. ఫిరంగి లాగడానికి ఎద్దులు, గింజలు మోయడానికి ఎద్దులు, ఆ ఎద్దులకి మేత, వాటిని తోలే లంబాడీలు, వెంట వచ్చే అంగళ్లు. మైసూరు వాళ్ల అమృతమహల్ ఎద్దులు వేగానికి పేరు. (మన పుంగనూరు పొట్టి ఆవులు కాదు, వాటి చేత ఫిరంగి లాగిస్తే పాపం తగులుతుంది.) ఇన్ని ప్రాణులు ఒక చెరువు కట్ట మీద రెండు రాత్రులు దిగితే ఆ చెరువు ఏమవుతుంది, ఆ ఆయకట్టు ఏమవుతుంది? శత్రువు దండైనా, మన దండైనా గడ్డివాము మాత్రం ఒకేలా ఖాళీ అవుతుంది.

కింద ఇంకా ఘోరం. ఇంగ్లిష్ వాళ్లకి గింజ దొరక్కూడదని హైదర్ మద్రాసు చుట్టూ ఊళ్లకి ఊళ్లు తగలబెట్టించాడు. మనుషుల్ని, పశువుల్ని కనుమలెక్కించి మైసూరుకి తోలించాడు. మద్రాసులో కరువు పడింది. 1785లో లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ ఈ విధ్వంసం గురించి మాట్లాడాడు. ఆయన ప్రసంగం అసలు ఆర్కాటు నవాబు అప్పుల గురించి! ఊళ్లు కాలిన సంగతి పద్దుల గొడవలో భాగంగా వాళ్ల చెవిన పడింది. హైదర్‌ని హీరో అని రీల్స్ చేసేవాళ్లు ఈ భాగం కత్తిరించేస్తారు, ఇంగ్లిష్ వాళ్ల పక్షం రాసేవాళ్లు ఇదొక్కటే చెప్తారు. రెండూ కలిపి చూడాలి మనం.

ఇక 1782. ఫ్రెంచ్ నౌకాదళం సుఫ్రెన్ కింద వచ్చింది. జులైలో సుఫ్రెన్, హైదర్ కడలూరు దగ్గర కలుసుకున్నారు. అప్పటికే హైదర్ ఒంట్లో బాగాలేదు. వీపు మీద రాచపుండు. డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో ప్రాణం పోయింది.

ఇక్కడ కాస్త నిదానంగా వినండి, సినిమా వాళ్లు కూడా రాయలేరు దీన్ని. పెద్ద కొడుకు టిప్పు అక్కడ లేడు, పడమటి తీరంలో ఇంగ్లిష్ వాళ్లతో కొట్లాడుతున్నాడు. రాజు పోయాడని తెలిస్తే అంత పెద్ద దండు చీలిపోతుంది. మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు ఏం చేశారంటే, చావుని దాచిపెట్టారు. శవాన్ని సుగంధ ద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టి, ఖజానా పోతున్నట్టు కాపలా పెట్టి కోలారుకి పంపించారు. కోలారులో హైదర్ తండ్రి సమాధి ఉంది. దండులో మాత్రం దొరవారికి ఒంట్లో బాగాలేదు, కోలుకుంటున్నారు అన్నారు. రోజూ జరిగే పనులు రోజూలాగే జరిగాయి. టిప్పు తమ్ముడిని గద్దె ఎక్కిద్దామని కొందరు కుట్ర చేస్తే దాన్నీ గుట్టుగా అణిచేశారు. టిప్పు జనవరి మొదట్లో వచ్చి దండుని చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లిష్ వాళ్లకి వాసన వచ్చింది కానీ, మద్రాసు జనరల్ స్టువర్ట్ సాకులు చెప్తూ కదల్లేదు.

చిత్తూరు నుంచి కోలారుకి పోవాలంటే కనుమ ఎక్కాల్సిందే. ఆ పెట్టె ఎక్కింది మన పక్క కొండల్లోనే. దారిలో పశువులు మేపుకునేవాడు ఎవడైనా చూసి ఉంటే, ఖజానా పోతోంది, మళ్లీ పన్నులు పెంచుతారేమో అని అనుకుని ఉంటాడు. ఇది నా ఊహే, లెండి.

ఆ లోపల అసలు రంగస్థలంలో తెర దించేశారు. 1783 జనవరిలోనే యూరప్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ శాంతి ఒప్పందానికి ముందుమాట రాసుకున్నాయి. ఆ వార్త ఓడెక్కి ఇక్కడికి రావడానికి నెలలు పట్టింది. జూన్‌లో కడలూరు దగ్గర నేల మీదా నీళ్ల మీదా రెండు వైపులా చచ్చారు, అప్పటికే ముగిసిపోయిన యుద్ధం కోసం! వార్త రాగానే ఫ్రెంచ్ వాళ్లు చేతులు దులుపుకున్నారు. టిప్పు ఒంటరిగా మిగిలాడు. అమెరికాకి 1783 సెప్టెంబర్ 3న ఒప్పందం అయింది. మనకి 1784 మార్చి 11న మంగళూరు ఒప్పందం అయ్యేదాకా యుద్ధమే. సెకండరీ అన్న పేరు పెట్టింది దూరంగా కూర్చున్నవాళ్లు. మన చెరువు కట్ట మీద నిలబడి చూస్తే ఆ అమెరికానే సెకండరీ.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర 1781 అక్టోబర్ 19న జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం వాషింగ్టన్‌కి లొంగిపోయింది, స్కూల్లో చదువుకునే ఉంటారు. ఆ కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇండియా వచ్చాడు. టిప్పుతో మళ్లీ యుద్ధం వచ్చింది. 1791 ఫిబ్రవరిలో వేలూరు నుంచి బయల్దేరి, ఆంబూరు వైపు పోతున్నట్టు నాటకం ఆడాడు. టిప్పు అటు కాచుకున్నాడు. ఈయన గబుక్కున చిత్తూరు మీదుగా తిరిగి మొగిలి కనుమ ఎక్కేశాడు. పలమనేరు, ముళబాగిలు, కోలారు. పెద్దగా అడ్డమే లేదు. మార్చి 21న బెంగళూరు కోట పడింది. అమెరికా పోగొట్టుకున్న మనిషి మళ్లీ పేరు తెచ్చుకునే దారి మన మొగిలీశ్వరుడి గుడి పక్కనుంచి పోయింది. కానీ మేలో శ్రీరంగపట్నం దాకా పోయి, మేత లేక ఎద్దులు చచ్చిపోతే, తన పెద్ద ఫిరంగులు తానే పగలగొట్టుకుని వెనక్కి తిరిగాడు. పనయ్యింది మరుసటి ఏడాది, 1792లో. టిప్పు సగం రాజ్యం పోయింది.

తర్వాత చకచకా అయిపోయింది. 1799లో టిప్పు పోయాడు, గుర్రంకొండ సీమ నిజాం చేతికొచ్చింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకి దత్తం చేశాడు. ఆ దత్త మండలాలకి పెద్ద కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో, 1780లో హైదర్ మీదికి పోయిన దండులో కుర్ర సిపాయి. పాలెగాళ్ల కత్తులు, కోటలు లాగేసుకుని పింఛన్లు రాయించింది ఆయన హయాంలోనే. మదనపల్లె ఆ తర్వాత వందేళ్లకు పైగా కడప జిల్లాలో ఉండి, 1911లో చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు పుంగనూరు, కంగుందిలతో ఒకే గూటికి చేరింది.

ఈ సారి చిత్తూరు నుంచి బెంగళూరు పోయేటప్పుడు మొగిలి దగ్గర ఫోన్ కాసేపు పక్కన పెట్టి కిటికీలో నుంచి చూడండి. ఎద్దులు ఆ ఎత్తుకి ఫిరంగిని ఎట్లా లాగి ఉంటాయో అర్థమవుతుంది. వచ్చే ఎపిసోడ్ గుర్రంకొండ కోట మీద. 1791లో నిజాం దండు ఇంగ్లిష్ ఫిరంగులతో కింది కోట పట్టుకోవడం, టిప్పు కొడుకు ఫతే హైదర్ దండు వచ్చి వాళ్ల మీద పడటం, అదంతా కోట ఎక్కుతూ చెప్తా. నీళ్ల బాటిల్ తెచ్చుకోండి, ఎండ ఎక్కువ అక్కడ. ఉంటా మరి.