ఈ యేడు నేను చదివిన పుస్తకాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



విశ్వావసు నామ సంవత్సరము సెలవు తీసుకొని పరాభవ నామ సంవత్సరము వచ్చింది. పేరు విని యెవరూ బెదరనక్కరలేదు. 1966లో కూడా ఈ పేరుతోనే ఒక యేడు వచ్చింది, వెళ్ళింది. మన పెద్దలు దాన్ని దాటే ఇక్కడిదాకా వచ్చారు.

పండుగనాడు పంచాంగ శ్రవణములో ఆదాయమెంత, వ్యయమెంత అని వింటాము. నేను మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. లెక్క వ్రాయడమే నాకు తెలిసిన విద్య. అందుచేత కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమంటే, గడచిన యేడు చదివిన పుస్తకాల లెక్క అప్పజెబుతానని ఒప్పుకున్నాను. మొత్తం పదకొండు పుస్తకాలు చదివాను. అన్నిటి సంగతీ యెత్తుకుంటే వంటశాలలో అన్నం చల్లారుతుంది. నాలుగింటితో సరిపెడతాను.

మొదటిది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టరు పార్వతీశం’. దీని మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండుకు బయలుదేరతాడు. అతని సామాను చూసి రైల్వేవాణ్ణయిన నాకు గుండె దడ పుట్టింది. చెన్నపట్నంలో అతను ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న ఘట్టం మీలో చాలామందికి తెలుసు. మా అమ్మాయి మూడో తరగతి. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని అక్షరం చదవలేదు. రాత్రి భోజనాలయ్యాక నేను చదివి వినిపించేవాణ్ణి. టోపీ దగ్గర కడుపుబ్బ నవ్వింది. మరునాడు డ్యూటీ దిగి యింటికి వెళ్ళేసరికి పుస్తకం ముందర వేసుకొని కూర్చున్నది. “నాన్నా, ఇందులో టోపీ అనే మాట యెక్కడున్నది?” అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆ రెండక్షరాలతో మా యింట్లో అక్షరాభ్యాసం జరిగింది. ఇప్పుడు గుణింతాలు వచ్చాయి, ఒత్తుల దగ్గర తడబడుతున్నది.

రెండవది ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’. స్వాతంత్ర్యోద్యమంలో 1922లో జైలులో వుండగా వ్రాసిన నవల. పొలం పనిచేసే రామదాసు కుటుంబం కథ. దీన్ని మద్రాసు ప్రభుత్వము నిషేధించింది. 1937లో రాజాజీ ప్రధానిగా కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన తరువాత నిషేధము తొలగింది. ఆ రాజాజీ 1878లో పుట్టినది మన హోసూరు ప్రక్కనున్న తొరపల్లిలోనే. గుంటూరు సీమవారు వ్రాసిన తెలుగు నవలకు మన తాలూకాలో పుట్టినాయన ప్రభుత్వంలో సంకెల వూడిందన్నమాట. మా అమ్మకు చూపు మందగించింది, పుస్తకం చదవలేదు. ఆమెకూ వినిపించాను. సంగదాసు చావు విన్నరాత్రి ఆమె దీపం ఆర్పేదాకా మాట్లాడలేదు. తెల్లవారి కాఫీ యిస్తూ, “వాళ్ళమ్మ యెట్లా బ్రతికిందిరా?” అన్నది. విమర్శకులు యెన్ని వ్రాసినా ఆ ప్రశ్నకంటె పెద్దమాట వ్రాయలేరని నాకు తోచింది.

మూడవది తమిళ పుస్తకం, కి. రాజనారాయణన్‌గారి ‘గోపల్ల గ్రామం’, 1976లో వచ్చింది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్ గ్రామంలో 1923లో పుట్టి 2021లో స్వర్గస్థులైన ఈయన యింటిభాష తెలుగు. ఒక పాలకుని కన్ను తమ ఆడపిల్లమీద పడిందని భయపడి కొన్ని తెలుగు కుటుంబాలు దక్షిణానికి పారిపోవడం, నల్లరేగడి నేలలో అడవిని తొలగించి వూరు కట్టడం ఇందులో కథ. దీని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తమిళం నేర్చినందుకు నాకు దక్కిన లాభమిది. 2006 చట్టము ప్రకారం ఈ రాష్ట్రంలో బడిపిల్లలు ఒకటో తరగతి మొదలు తమిళం చదవాలి. చదవనివ్వండి, మంచిదే. మా అమ్మాయి కూడా రేపు మా యింటి కథ తమిళంలో వ్రాస్తే నేను సంతోషిస్తాను. కాని మాది గుత్తి ప్రక్క పల్లె. మా నాన్నగారు అక్కడినుంచి అమ్మకు వ్రాసిన కార్డులు రేకుపెట్టెలో వున్నాయి. నా తరువాత వాటిని చదివే మనిషి మా యింట వుండాలి గదా!

నాలుగవది స.వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’. ప్రళయకావేరి అంటే పులికాట్ సరస్సు. ఆంధ్ర, తమిళ రాష్ట్రాల యెల్ల మీదున్న నీరది. అక్కడి జనం మాట్లాడే తెలుగులోనే కథలు నడుస్తాయి. మొదటి పది పేజీలు నాకు మెల్లగా సాగాయి, తరువాత ఆ యాసే తియ్యగా తోచింది. ఇక్కడ ఒక సంగతి నిర్భయంగా మనవి చేస్తాను. ఉద్యోగాలకు వచ్చిన మనలో కొందరు హోసూరు పల్లెలవారి మాట విని, “ఇదేం తెలుగు?” అని నవ్వుతారు. 1956లో రాష్ట్రాలు భాషలవారీగా ఏర్పడినప్పుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రంలోనే వుండిపోయింది. అయినా వాళ్ళు తెలుగు వదలలేదు. మనం నిన్నమొన్న వచ్చాము, బదిలీ అయితే రేపు పోతాము. వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ ఒక్క చాపమీద కూర్చొని చదువుకొంటే లాభం మనకే యెక్కువ.

లెక్క ముగించేముందు సంఘానికి ఒక విన్నపము. ప్రతి కుటుంబమూ ఉగాదినాడు ఒక తెలుగు పుస్తకం ఇవ్వాలి. హోసూరులో ఒక బీరువా, కృష్ణగిరిలో ఒక బీరువా చాలును. కృష్ణగిరికి రైలు లేకపోయినా బస్సులున్నాయి. పుస్తకాలు అటూ యిటూ మార్చే పని నాది. ఆదివారం సాయంత్రం ఒకరు ఒక గంట బిగ్గరగా చదవాలి. పెద్దలు వింటారు, పిల్లలు చూస్తారు. అక్షరాలు రానివారిని తప్పుబట్టవద్దు. ముందు కథ చెవిన పడనివ్వండి. మాట యెక్కడున్నదని వాళ్ళే వెదుకుతారు.

బీరువాకు నా వంతుగా ఈ నాలుగు పుస్తకాలూ తెచ్చాను. తీసుకొనేవారు దయచేసి పద్దుపుస్తకంలో సంతకం చేయండి. తిరిగి యిచ్చేటప్పుడు ఆ ప్రక్కనే, పుస్తకం యెవరికి చదివి వినిపించారో కూడా వ్రాయండి. వచ్చే ఉగాదికి ఆ పద్దు నేను చదివి వినిపిస్తాను.