తాళం వేసిన ఇల్లు, రసీదు లేని అర్జీ

(దేవరగట్టు పరిసర గ్రామాల ముస్లిం కుటుంబాలతో జరిగిన పౌరహక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన మిత్రులు "ప్రజాస్వామ్యంలో పౌరుని పాత్ర" అన్న శీర్షిక ఇచ్చి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి నేను. పెద్ద శీర్షిక చూస్తే నాకు భయం. ఫైలు మీద విషయం ఎంత పొడుగ్గా రాసి ఉంటే లోపల కాగితాలు అంత తక్కువగా ఉంటాయని నా అనుభవం. అందుచేత నేను చూసినవీ, నాకు తెలిసినవీ నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

మీకందరికీ తెలిసిన గట్టు నుంచే మొదలుపెడతాను. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం జరిగి, ఉత్సవ విగ్రహాలు గట్టు దిగేటప్పుడు బన్ని ఉత్సవం జరుగుతుంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవారు ఒకవైపు, తక్కిన ఊళ్ళవారు మరొకవైపు కర్రలు పడతారు. అది మన పొరుగు సోదరుల విశ్వాసానికి సంబంధించిన సంగతి. పీర్ల పండుగకు మన గుండం చుట్టూ వారు తిరుగుతారు, వారి పండుగలకు మన ఇళ్ళకు పిలుపు వస్తుంది. కనుక దానిపై తీర్పు చెప్పడానికి నేనిక్కడికి రాలేదు. నేను గమనించింది మరొకటి. బన్నికి ముందు అధికారులు ఊళ్ళకు వస్తారు. రచ్చకట్ట మీద కూర్చుంటారు. పెద్దల మాట వింటారు. కర్రలు వద్దని నచ్చజెబుతారు. ఆ రాత్రి వందల మంది పోలీసులు, కెమెరాలు, తలలు పగిలినవారికి కుట్లు వేయడానికి తాత్కాలిక వైద్య శిబిరం, అన్నీ ఉంటాయి. సంవత్సరంలో ఆ కొద్ది రోజులు ప్రభుత్వమే మన గడపకు నడచి వస్తుంది. మిగిలిన రోజుల్లో మనమే ప్రభుత్వం దగ్గరకు నడచి వెళ్ళాలి. ఎలా వెళ్ళాలి, వెళ్ళి ఏమి అడగాలి, అడిగినట్టు రుజువు ఏది? నా ప్రసంగమంతా ఈ మూడు ప్రశ్నలే.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజులవి. ఏ కార్యాలయమో, ఏ ఊరో చెప్పను. ఒక వృద్ధుడు, దూదేకుల కులస్థుడు, నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఊరి ఖబరస్తాన్‌కు వెళ్ళే బండిదారిని పక్క పొలం వారు దున్ని కలుపుకున్నారని చెప్పాడు. "సారు లేరు, సోమవారం రా" అన్నాను. వచ్చాడు. మళ్ళీ సోమవారం రమ్మన్నాను. మూడోసారి కూడా వచ్చాడు. చేతిలో కాగితం లేదు, నోటిమాటే. నేనూ రాసుకోలేదు. ఆ తరువాత రాలేదు. ఏడాది గడిచాక పని మీద ఆ ఊరు వెళితే తెలిసింది, ఆయన చనిపోయాడని. జనాజాను నిలువెత్తు పత్తిచేనులో నుంచి, చేను యజమాని తిడుతూ ఉండగా మోసుకెళ్ళారట. ఆ ఊరివాళ్ళు నన్నేమీ అనలేదు. టీ ఇచ్చి పంపారు.

నేను చెడ్డవాణ్ణి కాను, అలసిన గుమాస్తాను. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆయన ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయించి, దాని నకలు మీద నా చేత తేదీ వేయించి సంతకం తీసుకుని ఉంటే, ఆ అర్జీ రిజిస్టరులో ఒక నెంబరై ఉండేది. నెంబరు పడిన కాగితానికి కార్యాలయం ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. నెంబరు పడని మనిషికి ఎవరూ జవాబుదారీ కాదు. కఠినమైన మాటే, కానీ బల్లకు అవతలివైపు కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను. సోమవారం నాడు కలెక్టరు కార్యాలయంలో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళినా, ఊళ్ళోని సచివాలయంలో ఇచ్చినా, రసీదు లేకుండా వెనుదిరగకండి. తెలుగు రాదని సంకోచించకండి. 2022లో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది.

ఇప్పుడు చేతులెత్తండి. మీ ఊరి ఖబరస్తాన్ సర్వే నెంబరు తెలిసినవారు ఎంతమంది?

ఇద్దరు. సరే, ఇద్దరున్నారు, సంతోషం.

రెవెన్యూ రికార్డులో ఆ స్థలం ఏ పేరుతో ఉందో చూడాలి. కొన్నిచోట్ల శ్మశాన పోరంబోకు అని ఉంటుంది, కొన్నిచోట్ల గ్రామకంఠంలో కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల వక్ఫ్ గెజిట్‌లో ఉంటుంది కానీ అడంగల్‌లో వేరొకరి పేరు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధిత భూముల జాబితా ఒకటి ఉంటుంది. వక్ఫ్ ఆస్తులు ఆ జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు అమ్మకం పత్రం రిజిస్టరు చేయడు. మీ స్థలం అందులో ఉందా లేదా అన్నది సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తుతో తేలుతుంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లకార్డు కుటుంబాలకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషనుకు రెండో అప్పీలు. మనవాళ్ళు మొదటి దరఖాస్తు దగ్గరే ఆగిపోతారని గుమాస్తాలకు తెలుసు. అప్పీలు వేసినవాడి పేరు వాళ్ళు మరచిపోరు. దరఖాస్తులో "ఎందుకు ఇలా చేశారు" అని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వనక్కరలేదు. "ఫలానా సర్వే నెంబరుకు సంబంధించిన అడంగల్ నకలు, 22-ఎ జాబితాలోని సంబంధిత పుట నకలు ఇవ్వండి" అని అడగండి. కాగితం అడిగితే కాగితం వస్తుంది.

ఒక్కడి వల్ల ఏమవుతుందని అంటారు. నిజమే, ఒక్కొక్కసారి ఒక్కడు చాలడు. మన ఆలూరు నియోజకవర్గంలోనే దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ ఉంది. ఒకప్పుడు ఫ్యాక్షన్ తగాదాలతో వార్తలకెక్కిన ఊరది. అక్కడి రిజర్వు అటవీ ప్రాంతంలో యురేనియం ఉందేమో చూడడానికి 68 బోరు రంధ్రాలు వేయాలన్న ప్రతిపాదన బయటకు వచ్చింది. 2024 నవంబరు మొదట్లో చుట్టుపక్కల పల్లెలవారంతా ఒక్కటై రోడ్డెక్కారు. తవ్వకాలు వద్దని అధికారులకు తేల్చిచెప్పారు. కొద్ది రోజుల్లోనే తవ్వకాలు ఉండవని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. వారు కులమూ మతమూ చూసుకుంటూ కూర్చుని ఉంటే ఆ పని జరిగేది కాదు. నీరు చెడితే ఎవరి బావి ఎవరిదని అడగదు. మన యువకులు కొందరు మన సమస్య అంటే మసీదు, మదరసా, ఖబరస్తాన్ మాత్రమే అనుకుంటారు. నా ఉద్దేశం వేరు. ఊరి చెరువు కోసం, బడి మరుగుదొడ్డి కోసం, బస్సు కోసం జరిగే పోరాటంలో మనం ముందు వరుసలో నిలబడి ఉంటే, ఖబరస్తాన్ దారి కోసం వెళ్ళిననాడు మన వెంట వచ్చేవారు కూడా ఉంటారు.

గ్రామసభ మాట ఎత్తక తప్పదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. అందులో మీ ఊరి సభకు ఇంటి నుంచి ఎవరు వెళ్ళారో ఒకసారి గుర్తు చేసుకోండి. స్త్రీలు వెళ్ళారా? బడి విషయమూ ఇంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలుండాలి. మన అమ్మాయిల బడి గురించి మన తల్లులు మాట్లాడే చోటు అది. వేలిముద్ర వేసి వచ్చే చోటు కాదు.

ఇక అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయానికి వస్తాను. వానలు ముఖం చాటేసిన ఏడు మన పల్లెలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? కోసిగి, కౌతాళం, హొళగుంద, ఏ వీధి చూసినా తలుపులకు తాళాలు. సుగ్గికి పోయారంటారు. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణకు పత్తి ఏరడానికి, బెంగళూరుకు కట్టడం పనికి పిల్లాపాపలతో లారీ ఎక్కుతారు. ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉంటుంది, లేదా ఎవరూ ఉండరు. అటువంటి రోజుల్లో బూత్ స్థాయి అధికారి ఓటర్ల జాబితా పట్టుకుని వస్తాడు. తాళం చూస్తాడు. పక్కింటివారిని అడుగుతాడు. "వాళ్ళు పోయినారు సార్" అంటారు. మన మాటలో "పోయినారు" అంటే సుగ్గికి పోయారని. కాగితం మీద అది "శాశ్వతంగా వలస వెళ్ళారు" అవుతుంది.

చట్టం అలా చెప్పడం లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను స్పష్టంగా ఉంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్ళినంత మాత్రాన ఆ మనిషి ఆ ఊరి సాధారణ నివాసి కాకుండా పోడు. నోటీసు ఇవ్వకుండా, చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వకుండా పేరు తొలగించరాదు. తొలగిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేయవచ్చు. అయితే సుగ్గిలో ఉన్నవాడికి నోటీసు ఎవరిస్తారు? తాళం కప్పకా?

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలోనే పేర్లు తొలగించమని ఫారం 7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో పడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు పడిందన్న సంగతి కూడా ఎరుగనివారు ఎందరో బయటపడ్డారు, పోలీసు కేసులు నమోదయ్యాయి. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు కనబడలేదు. ఎవరి పేరు ఎందుకు పోయిందో మొదట చెప్పలేదు. పౌర సంఘాలు, మామూలు పౌరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆగస్టు 14న కోర్టు ఆ పేర్లన్నిటినీ కారణాలతో సహా ప్రకటించమన్నది. పంచాయతీ కార్యాలయాల దగ్గర కూడా అంటించమన్నది. తరువాత ఆధార్‌ను కూడా గుర్తింపుగా తీసుకోవాలన్నది. బతికుండగానే చనిపోయినట్టు రాయబడినవారు స్వయంగా కోర్టులో నిలబడ్డారు. ఆ సవరణ ఇప్పుడు దశలవారీగా ఇతర రాష్ట్రాలకు విస్తరిస్తున్నది. మన వంతు వచ్చిన రోజున మన తలుపులకు తాళాలు ఉంటే ఏమిటి గతి?

దీనికి తోడు మన పేర్లు. ఇంట్లో మాబున్ని, ఆధార్‌లో మహబూబున్నీసా, రేషన్ కార్డులో మాబుబీ, ఓటరు కార్డులో ఎస్. మాబున్నీ. నలుగురూ ఒక్కమ్మే! భర్త పేరు ఒకచోట హుసేన్ సాబ్, మరొకచోట షేక్ హుస్సేన్. రాసేవాడి చెవికి వినబడినట్టు రాశాడు, దిద్దించుకోవలసిన మనం ఊరుకున్నాం. పింఛను దగ్గర ఒకసారి, వారసత్వ ధ్రువపత్రం దగ్గర ఒకసారి ఏడుస్తాం. సవరణకు ఫారం 8 ఉంది, కొత్త పేరుకు ఫారం 6 ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే.

ఢిల్లీ సంగతి కూడా రెండు ముక్కలు చెప్పమన్నారు. వక్ఫ్ సవరణ బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి 97 లక్షలకు పైగా వినతులు అందాయని ప్రభుత్వమే లోక్‌సభలో చెప్పింది. మసీదుల దగ్గర ఫోన్లు పట్టుకుని మన పిల్లలు పంపినవీ అందులో ఉన్నాయి. బిల్లు అయినా చట్టమైంది. మరి ఆ శ్రమ వృథాయేనా అని ఒక అబ్బాయి నన్నడిగాడు. నేను అతనికి రెండు సంగతులు చెప్పాను. చట్టాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు, 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను, అయిదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తుండాలన్న షరతుతో సహా, కోర్టు తాత్కాలికంగా నిలిపింది. కనుక తలుపు పూర్తిగా మూసుకోలేదు. రెండోది అతనికి నచ్చలేదు. ఒకే అచ్చు వినతిని లక్ష మంది పంపితే కార్యాలయంలో అది ఒక్క కాగితంగానే చదవబడుతుంది, నేను చదివాను గనుక తెలుసు. "మా ఊరి మసీదుకు ఇన్ని ఎకరాలు, ఫలానా గెజిట్, ఫలానా సర్వే నెంబరు, ఈ నిబంధన వస్తే మాకు జరిగే నష్టం ఇది" అని మీ ఊరి మాట మీరు రాస్తే, అది విడిగా ఒక కాగితం. అందుకే మళ్ళీ ఆ సర్వే నెంబరు దగ్గరికే వస్తున్నాను.

2022లో జిల్లాల పునర్విభజన ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చారు. ఆదోని జిల్లా కావాలని కోరేవారు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. హోటళ్ళలో ఆ నెలంతా అదే మాట. అందులో ఎంతమంది కలెక్టరుకు లిఖితపూర్వకంగా ఇచ్చారని నన్నెవరైనా అడిగితే, టీ గ్లాసులు లెక్కపెట్టినంత సులువుగా నేను ఆ అర్జీలను లెక్కపెట్టలేను.

ఇక చాలు, భోజనాల వేళయింది. షామియానా పక్కన బల్ల వేశారు. మీ మూడు పోలింగు కేంద్రాల ఓటర్ల జాబితా అచ్చు తీయించి తెచ్చాను. ఇంటింటి వారు వచ్చి తమ పేర్లు చూసుకోండి. సుగ్గికి పోయినవారి పేర్లు, వారు ఎప్పుడు తిరిగి వస్తారో ఇరుగుపొరుగువారు చెప్పండి, వేరే పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకం నకలుకు మీ బూత్ స్థాయి అధికారి సంతకం తీసుకునే పూచీ నాది. మాబున్ని అనే పేరుగల అమ్మలు ముందుగా రండి, మీ పని ఎక్కువసేపు పడుతుంది.